ఐదు స్టార్ల కుర్రాళ్లు వస్తారు సరే, ఉంటారా?

2021 నవంబర్ మొదటి శనివారం, అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్‌లో టెక్సాస్ యూనివర్సిటీ టీమ్ లాంగ్‌హార్న్స్ ఐయోవా స్టేట్ మీద 30-7తో చిత్తుగా ఓడి బస్సెక్కింది. ఓడిన బస్సులో కొందరు కుర్రాళ్లు నవ్వుకుంటున్నారు. అది చూసి డిఫెన్సివ్ లైన్ కోచ్ బో డేవిస్‌కి తిక్కరేగింది. ఇక బూతులే బూతులు. ఇక్కడ ఉండటం ఇష్టం లేనోడు ఎవడైనా ఉంటే పోర్టల్లో, అంటే వేరే కాలేజీకి మారాలనుకునేవాళ్ల లిస్టులో, పేరు రాయించుకుని పొమ్మన్నాడు. ఎవడో ఫోన్లో రికార్డ్ చేశాడు, కొద్ది రోజుల్లోనే ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఆ తర్వాతి శనివారం సొంత గ్రౌండ్లో కాన్సస్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 57-56తో ఓడిపోయారు. కాన్సస్ అంటే అప్పటికి ఆ సీజన్లో తొమ్మిది ఆడి ఒక్కటే గెలిచిన టీమ్! వరసగా ఆరు ఓటములు, చివరికి 5-7, అంటే ఐదు గెలుపులు, ఏడు ఓటములు. హెడ్ కోచ్ స్టీవ్ సార్కీసియన్‌కి అది మొదటి సీజన్, వచ్చిన ఏడాదే పని అయిపోయిందని రేడియోలో, ఆఫీసుల్లో, బార్బర్ షాపుల్లో అందరూ తేల్చేశారు.

తర్వాత నెలకి సైనింగ్ డే వచ్చింది, హైస్కూల్ కుర్రాళ్లు తాము ఎంచుకున్న కాలేజీకి సంతకం పెట్టే రోజు. ఇలా బూతులు తిట్టే కోచ్‌లున్న, కాన్సస్ మీద ఓడిన టీమ్‌కి ఎవడొస్తాడు అనుకుంటాం కదా. దేశంలో టాప్ ఐదులో ఉండే క్లాస్, అంటే ఆ ఏడాది చేరే కొత్త కుర్రాళ్ల బ్యాచ్, వచ్చింది. అందులో కెల్విన్ బ్యాంక్స్ అనే కుర్రాడు అంతకుముందు ఆరెగాన్‌కి మాటిచ్చి ఉన్నాడు, అక్కడి కోచ్ మయామీకి వెళ్లిపోయేసరికి ఇటు వచ్చాడు, ప్రొఫెషనల్ టీమ్‌లు వరసగా ఆటగాళ్లని ఎంచుకునే 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో 9వ నంబర్‌గా పోయాడు. ఇక డేవిస్ తిట్టిన ఆ డిఫెన్సివ్ లైన్ సంగతి చూడండి. ఆ 2021 టీమ్‌లో ఉన్న టీవాండ్రే స్వెట్ పోర్టల్‌కి పోలేదు, బైరన్ మర్ఫీ పోలేదు. 2023లో స్వెట్‌కి దేశంలో బెస్ట్ లైన్‌మ్యాన్‌కి ఇచ్చే అవుట్‌లాండ్ ట్రోఫీ వచ్చింది, మర్ఫీ మొదటి రౌండ్లో 16వ వాడిగా, స్వెట్ రెండో రౌండ్లో 38వ వాడిగా డ్రాఫ్ట్ అయ్యారు, టీమ్ 12-2తో నేషనల్ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కి వెళ్లింది. పొమ్మన్నా పోకుండా ఎందుకున్నారు అన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న, ఈ పోస్ట్ అంతా దాని గురించే.

కొంచెం బ్యాక్‌గ్రౌండ్ చెప్పాలి, లేకపోతే ఇండియాలో ఉన్నవాళ్లకి ఇదంతా కాలితో తన్నే ఫుట్‌బాల్ అనిపిస్తుంది. నేను డాలస్ పక్కన ఉంటా. ఇక్కడ శుక్రవారం హైస్కూల్ ఆట, శనివారం కాలేజ్ ఆట, ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్. పక్క ఊరు ఆలెన్‌లో హైస్కూల్ పిల్లల కోసం 6 కోట్ల డాలర్లు పెట్టి 18,000 సీట్ల స్టేడియం కట్టారు, నమ్మితే నమ్మండి. మన తెలుగు పిల్లలు ఎక్కువమంది మార్చింగ్ బ్యాండ్‌లో ఉంటారు, మనం వాళ్లని దింపడానికి వెళ్లి హాఫ్‌టైమ్ దాకా కూర్చుని, అట్నుంచటే ఆటకి అలవాటు పడిపోతాం. నా కేసు కూడా అంతే.

కాలేజ్ ఫుట్‌బాల్‌లో చేరడానికి వేలం లేదు, డ్రాఫ్ట్ లేదు. హైస్కూల్ ఆట చూసి రేటింగ్ సైట్లు కుర్రాళ్లకి స్టార్లు ఇస్తాయి, ఐదు స్టార్లంటే టాప్. పదిహేడేళ్ల కుర్రాడు తనే కాలేజీని ఎంచుకుంటాడు, ఆ కుర్రాడి వెనక అమ్మ, అమ్మమ్మ, హైస్కూల్ కోచ్, ఈ మధ్య ఏజెంట్ కూడా. అందుకని కోచ్‌లు ఏడాది పొడుగునా ఆ ఇళ్ల చుట్టూ తిరుగుతూనే ఉంటారు. ఇదివరకు ఒకసారి సంతకం పెడితే మూడు నాలుగేళ్లు కదలడం కష్టం, వేరే కాలేజీకి మారితే ఒక ఏడాది కూర్చోవాల్సి వచ్చేది. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, 2021లో మారిన వెంటనే ఆడొచ్చన్నారు, అదే ఏడాది జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు, 2025 జూలై నుంచైతే కాలేజీలే నేరుగా డబ్బులివ్వొచ్చు, మొదటి ఏడాదికి కాలేజీకి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. అంటే ఇప్పుడు రిక్రూటింగ్ అనేది సైనింగ్ డేతో అయిపోదు, సొంత రూంలో కూర్చున్నోణ్ణి కూడా ప్రతి ఏడాదీ మళ్లీ రిక్రూట్ చేసుకోవాల్సిందే.

ఇలాంటి రోజుల్లో కోచింగ్ స్టాఫ్ ఎలా మసులుతున్నారు అన్నది డబ్బుకన్నా, స్టేడియంకన్నా, గత వైభవంకన్నా పెద్ద విషయం అంటాను నేను. హెడ్ కోచ్ ప్రెస్ మీట్లో ఎలా మాట్లాడాడు అనే సంగతి పక్కన పెట్టండి. రోజూ ఆ కుర్రాడితో గడిపే పొజిషన్ కోచ్, అంటే వాడు ఆడే స్థానం వాళ్లని చూసుకునే కోచ్, వాడు స్టార్ అనుకున్నప్పుడు ఎలా ఉన్నాడో, వాడు థర్డ్ స్ట్రింగ్‌లో, అంటే మూడో వరస రిజర్వుల్లో, కూర్చున్నప్పుడు కూడా అలాగే ఉన్నాడా? అంతే ప్రశ్న.

డబ్బులు బాబూ డబ్బులు, ఈ యాటిట్యూడ్ కబుర్లన్నీ ఎందుకు అని మా ఆఫీసులో టెక్సాస్ ఏ అండ్ ఎంలో చదివిన ఒకాయన ఎప్పుడూ అంటుంటాడు. ఆయన మాటలో పాయింట్ లేకపోలేదు. టెక్సాస్‌కి ఆ 2021 డిసెంబర్‌లోనే ఒక ఛారిటీ సంస్థ ముందుకొచ్చి స్కాలర్‌షిప్ ఉన్న ప్రతి ఆఫెన్సివ్ లైన్‌మ్యాన్‌కీ ఏడాదికి 50,000 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. దానికి ప్యాన్‌కేక్ ఫ్యాక్టరీ అని పేరు కూడా పెట్టారు, ఎదుటివాణ్ణి నేలకి అతికించేయడాన్ని ప్యాన్‌కేక్ అంటారులెండి. ఆ క్లాస్‌లో అంతమంది భారీ లైన్‌మెన్ రావడానికి అది పనికిరాలేదంటే నేను అబద్ధమాడినట్టే.

కానీ ఆ ఆఫీసాయన కాలేజ్ సంగతే చూద్దాం. అదే 2022 క్లాస్‌లో ఏ అండ్ ఎం రిక్రూటింగ్ ర్యాంకింగ్స్ మొదలైన దగ్గర్నుంచీ అప్పటిదాకా ఎవరికీ రాని స్కోరుతో దేశంలో నంబర్ వన్. అప్పటి అలబామా హెడ్ కోచ్ నిక్ సేబన్ అయితే ఒక సభలో వాళ్లు ప్రతి ఆటగాణ్ణీ కొన్నారు అని బాహాటంగానే అనేశాడు, దానికి ఏ అండ్ ఎం హెడ్ కోచ్ జింబో ఫిషర్ మర్నాడే ప్రెస్ మీట్ పెట్టి సేబన్‌ని చెడామడా కడిగేశాడు, వారం పాటు అదే తమాషా. అంత క్లాస్ వచ్చిన ఆ సీజన్లోనే ఏ అండ్ ఎం సొంత గ్రౌండ్లో అపలాచియన్ స్టేట్ మీద 17-14తో ఓడి, మొత్తం 5-7తో ముగించింది. తర్వాత చూస్తే ఒక్కొక్కరూ సర్దుకోవడం మొదలెట్టారు. వాల్టర్ నోలెన్ ఓల్ మిస్‌కి (మిసిసిపీ యూనివర్సిటీ), ఎవాన్ స్టూవర్ట్ ఆరెగాన్‌కి, ఎల్‌టీ ఓవర్టన్ అలబామాకి, కానర్ వైగ్‌మన్ హ్యూస్టన్‌కి. నోలెన్ ఓల్ మిస్ నుంచి మొదటి రౌండ్లో డ్రాఫ్ట్ అయ్యాడు, అంటే కుర్రాడిలో సరుకు లేక కాదు. 2023 నవంబర్‌లో ఫిషర్‌ని తీసేశారు, తీసేసినందుకు ఆయనకి కట్టాల్సిన డబ్బు 7.5 కోట్ల డాలర్ల పైమాటే. డబ్బు తక్కువైన కథ కాదండీ ఇది! రెండు టీమ్‌లు, ఒకే రాష్ట్రం, ఒకే ఏడాది, రెండింటికీ 5-7 వచ్చిన అనుభవం, రెండింటి దగ్గరా దండిగా డబ్బు. ఒకచోట కుర్రాళ్లు నిలబడ్డారు, ఒకచోట కాళ్లకి పని చెప్పారు.

ఇది పైనుంచి చూస్తే సరిగ్గా అర్థం కాదు, ఒక ఇంట్లో చూడాలి. మా పక్కింటాయన టెక్సాస్ మనిషి, కొడుకు హైస్కూల్లో లైన్‌బ్యాకర్. పదకొండో క్లాస్‌లో వాళ్ల కిచెన్ టేబుల్ మీద కాలేజీ లోగోలున్న కవర్లు దొంతరగా ఉండేవి, ఫ్రిజ్ మీద మాగ్నెట్లతో క్యాంప్‌ల లిస్టు. కుర్రాడి ఫోన్ అయితే మోగుతూనే ఉండేది, ఒక పెద్ద కాలేజ్ అసిస్టెంట్ అయితే రోజుకొక గ్రాఫిక్ పంపేవాడు, వీడి ఫోటోకి వాళ్ల జెర్సీ తొడిగి, వెనక స్టేడియం లైట్లు పెట్టి. ఒకసారి పుట్టినరోజుకి అలాంటిదే వచ్చింది, కింద రాసిన పేరు మాత్రం ఇంకో కుర్రాడిది! వాళ్ల నాన్న నాకు ఆ స్క్రీన్ చూపించి పగలబడి నవ్వాడు, వాళ్లమ్మ నవ్వలేదు. ఆ సీజన్లోనే వాడికి మోకాలు పోయింది, ఏసీఎల్. సర్జరీ అయ్యాక రెండు వారాలకల్లా ఫోన్ చప్పుడు లేదు. ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నామని ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా, మెసేజ్‌కి రిప్లై ఆగిపోతుంది, అంతే. ఒక చిన్న కాలేజ్ నుంచి మాత్రం లైన్‌బ్యాకర్ల కోచ్ మానకుండా ఆదివారం సాయంత్రం ఫోన్ చేసేవాడు, అదీ ముందు అమ్మకి. ఫిజియోథెరపీ ఎలా జరుగుతోంది, మోకాలు ఎంతవరకు వంగుతోంది, స్కూల్లో ఆల్జీబ్రా మార్కులు ఏమయ్యాయి. బాగయ్యాక పెద్ద కాలేజీలు ఒకటి రెండు మళ్లీ హలో అన్నాయి, కానీ ఆ ఇంట్లో డిస్కషన్ అప్పటికే ముగిసింది. కుర్రాడు ఆ చిన్న కాలేజీకే వెళ్లాడు. వాడి క్లబ్బు, వాడి టీమ్‌మేట్లు కూడా ఈ కథ చూశారు కదా, మరుసటి ఏడాది అదే స్కూల్ నుంచి ఇంకో ఇద్దరు అదే కోచ్ దగ్గరికి వెళ్లారు. రిక్రూటింగ్ అంటే ఇది, ఒక కుర్రాడితో మసిలిన తీరు ఆ హైస్కూల్ లాకర్ రూం అంతా పాకుతుంది.

ఇది చూసినప్పుడల్లా నాకు మన టెన్త్ రిజల్ట్స్ రోజులే గుర్తొస్తాయి. మార్కులు రాగానే కార్పొరేట్ కాలేజ్ పీఆర్వోలు ఇంటికొచ్చేవాళ్లు గుర్తుందా? సోఫాలో కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగి, మీవాడు మా కాలేజ్‌లో చేరితే ఐఐటీ గ్యారంటీ అంకుల్, ఫీజులో సగం కన్సెషన్ అని. మా ఇంటికీ ఒకాయన వచ్చాడు, నాన్నగారిని బాబాయ్ అని వరస కూడా కలిపేశాడు. చేరాక మూడో వీక్లీ టెస్ట్‌లో మార్కులు తగ్గేసరికి సెక్షన్ మార్చారు, అదే పీఆర్వో కారిడార్లో ఎదురైతే నా మొహం గుర్తుపట్టలేదు. ఆ ఏడాది మా ఊళ్లో టెన్త్ పాసైన మా తమ్ముణ్ణి ఆ కాలేజీకి పంపే ఊసే రాలేదు ఇంట్లో. సగం ఫీజు కాదు, మొత్తం మాఫీ చేస్తామన్నా నాన్న ఫోన్ పెట్టేశాడు.

సరే, మళ్లీ ఫుట్‌బాల్‌కి వద్దాం. కుర్రాళ్లు కాలేజీకి కాదు మనుషులకి కమిట్ అవుతారని అందరూ అంటారు, దానికి 2024 జనవరి కన్నా పెద్ద సాక్ష్యం లేదు. జనవరి 10న సేబన్ రిటైర్ అయ్యాడు. అలబామాలో ఆరు టైటిల్స్ గెలిచినాయన. కోచ్ మారితే ఆటగాళ్లకి పోర్టల్ 30 రోజులు తెరుచుకుంటుంది అప్పటి రూల్ ప్రకారం. బిల్డింగులు అవే, స్టేడియం అదే, డబ్బు అదే, ఫ్యాన్స్ వాళ్లే. కానీ ఫ్రెష్‌మన్‌గానే, అంటే మొదటి ఏడాదే, టీమ్‌లో అందరికన్నా ఎక్కువ ట్యాకిల్స్ చేసిన కేలబ్ డౌన్స్ ఒహాయో స్టేట్‌కి వెళ్లిపోయాడు, అప్పుడే చేరిన క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్ కూడా అక్కడికే, ఐజాయా బాండ్ టెక్సాస్‌కి వచ్చాడు. డౌన్స్ వెళ్లిన ఆ సీజన్లోనే ఒహాయో స్టేట్ టైటిల్ కొట్టింది.

సేబన్ గురించి చెప్పేటప్పుడు ఒక సంగతి ఒప్పుకోవాలి, ఆయన ముద్దు ముద్దుగా మాట్లాడే రకం కాదు. సైడ్‌లైన్‌లో హెడ్‌సెట్ విసిరేసే మనిషి. 2007లో వచ్చిన మొదటి సీజన్లో 7-6, లూయిజియానా మన్రో మీద సొంత గ్రౌండ్లో ఓడిపోయాడు, ఆ ఓటమి తర్వాత కూడా 2008 క్లాస్‌లో జూలియో జోన్స్, మార్క్ ఇంగ్రమ్, డోంటా హైటవర్, మార్సెల్ డేరియస్ వచ్చారు. ఇంగ్రమ్ 2009లో దేశంలో బెస్ట్ కాలేజ్ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు, అలబామాకి అదే మొదటి హైస్మన్, ఆ ఏడాదే టైటిల్. ఇక్కడ కూడా గెలుపు చూసి కుర్రాళ్లు రాలేదు, కుర్రాళ్లు వచ్చాక గెలుపు వచ్చింది. ఆయన అమ్మింది తన పద్ధతిని. స్కోర్‌బోర్డ్ చూడకు, ఈ ఒక్క ప్లే సరిగ్గా ఆడు, తర్వాత ఇంకోటి అనే పద్ధతి. మిషిగన్ స్టేట్‌లో ఉన్నప్పుడు లయనల్ రోసెన్ అనే సైకియాట్రీ ప్రొఫెసర్‌తో మాట్లాడి తయారు చేసుకున్నది. నువ్వు ఐదు స్టార్లతో వచ్చినా సరే నీకు స్టార్టింగ్ ప్లేస్ ప్రామిస్ చెయ్యను అనే మొండితనం ఉంది చూశారా, అది విన్న కుర్రాడికి భయం వెయ్యాలి, కానీ ఆ మాట చెప్పినాయన అందరికీ అదే చెప్తున్నాడు అని తెలిస్తే భయం పోయి నమ్మకం వస్తుంది.

పైగా ఆయన స్టాఫ్ సంగతి ఇంకో విచిత్రం. వేరేచోట తరిమేసిన కోచ్‌లని తెచ్చి పెట్టుకునేవాడు. లేన్ కిఫిన్‌ని యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) వాళ్లు మ్యాచ్ ఓడి తిరిగొస్తే ఎయిర్‌పోర్ట్‌లోనే ఉద్యోగం తీసేశారు, సేబన్ తెచ్చుకున్నాడు. మద్యం సమస్యతో అదే యూఎస్‌సీలో ఉద్యోగం పోగొట్టుకున్న సార్కీసియన్ 2016లో అలబామాలో అనలిస్ట్‌గా, అంటే ఫీల్డ్ మీద కోచింగ్ కూడా చెయ్యకూడని పోస్టులో మొదలెట్టి, తర్వాత ఆఫెన్స్ కోఆర్డినేటర్ అయ్యి 2020 టైటిల్ టీమ్ ఆఫెన్స్‌ని నడిపాడు. పైన బస్సు కథలో హెడ్ కోచ్ ఆయనే. కింద పడి లేచినోడు కాబట్టి 5-7 సీజన్‌కి కంగారు పడి స్టాఫ్ మొత్తాన్ని ఊడ్చెయ్యలేదు, తిట్టిన డేవిస్‌ని కూడా వదులుకోలేదు అని నా లెక్క. ఆ నిలకడ కుర్రాళ్లకి కనబడుతుంది. 2023 సెప్టెంబర్‌లో అలబామా సొంత ఊరు టస్కలూసా వెళ్లి గురువుగారి టీమ్‌నే 34-24తో కొట్టి వచ్చాడు, ఆ రాత్రి మా ఇంట్లో పడుకున్నవాళ్లెవరూ లేరు.

ఇక్కడ ఒక జాగ్రత్త. తిట్టడమే మంచి కోచింగ్ అని, ఈ కాలం పిల్లలు మెత్తబడిపోయారని నేను అంటున్నానని ఎవరైనా అనుకుంటే వాళ్లకి మేరీల్యాండ్ గుర్తు చెయ్యాలి. 2018 మే 29న అక్కడ వర్కవుట్‌లో జోర్డన్ మెక్‌నెయిర్ అనే పంతొమ్మిదేళ్ల లైన్‌మ్యాన్ ఎండదెబ్బకి కూలిపోయాడు, సమయానికి చల్లబరిచే ట్రీట్‌మెంట్ చెయ్యలేదు, రెండు వారాలకి చనిపోయాడు. తర్వాత తవ్వితే బయటపడింది స్ట్రెంగ్త్ కోచ్ ఆటగాళ్లని అవమానించే తీరు, భయపెట్టే తీరు. ఆ స్ట్రెంగ్త్ కోచ్ వెళ్లిపోయాడు. హెడ్ కోచ్ డీజే డర్కిన్‌ని అక్టోబర్ చివర్లో యూనివర్సిటీ పెద్దలు మళ్లీ పనిలోకి తీసుకుంటే, ఆటగాళ్ల దగ్గర్నుంచి రాష్ట్ర గవర్నర్ దాకా అందరూ మండిపడ్డారు, మర్నాడే ప్రెసిడెంట్ ఆయన్ని తీసేశాడు. ఆ కుటుంబానికి యూనివర్సిటీ 35 లక్షల డాలర్లు ఇచ్చింది, కొడుకుని మాత్రం ఎవరిస్తారు. అలిసిపోయానని చెప్పడానికి కుర్రాడు భయపడే వాతావరణం ఉంటే అది టఫ్‌నెస్ కాదు, నేరం. బస్సులో డేవిస్ అరుపుకీ దీనికీ తేడా ఏంటంటే, డేవిస్ అరిచింది ఓటమిని లెక్కచెయ్యకపోవడం మీద, ఒకడి ఒంటి మీదో బలహీనత మీదో కాదు. ఆటగాళ్లకి ఆ తేడా చప్పున తెలుస్తుంది, మనకే టీవీ ముందు కూర్చుంటే తెలీదు.

అటు చివర ఇలా ఉంటే ఇటు చివర డాబో స్విన్నీ. నాకు చాలా ఇష్టమైన కోచ్, అందుకే కోపం కూడా ఎక్కువ. 2008 అక్టోబర్‌లో సీజన్ మధ్యలో హెడ్ కోచ్ వెళ్లిపోతే రిసీవర్ల కోచ్‌గా ఉన్న ఈయన్ని తాత్కాలికంగా కూర్చోబెట్టారు, క్లెమ్సన్‌ని రెండుసార్లు ఛాంపియన్ చేశాడు. అసిస్టెంట్లని ఏళ్ల తరబడి అలాగే ఉంచుకునేవాడు, డిఫెన్స్ చూసే బ్రెంట్ వెనబుల్స్ పదేళ్లున్నాడు, అమ్మలకి అదే బాగా నచ్చేది, మా అబ్బాయిని తీసుకెళ్లే కోచ్ మావాడు గ్రాడ్యుయేట్ అయ్యేదాకా అక్కడే ఉంటాడు అని. 2017 జనవరిలో అలబామా మీద ఒక్క సెకను మిగిలుండగా గెలిపించిన క్యాచ్ పట్టింది హంటర్ రెన్‌ఫ్రో, స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా చేరిన కుర్రాడు. డాబో కూడా ఒకప్పుడు అలబామాలో వాక్-ఆనే, కాలేజ్ రోజుల్లో అమ్మ కూడా వచ్చి ఆయన అపార్ట్‌మెంట్‌లోనే ఉండేది. అంత బాగుంది. కానీ 2021 డిసెంబర్‌లో వెనబుల్స్ ఓక్లహోమాకి, టోనీ ఎలియట్ వర్జీనియాకి వెళ్లిపోయాక ముందు లోపలివాళ్లనే ప్రమోట్ చేసుకున్నాడు, అందరూ పోర్టల్ నుంచి ఆటగాళ్లని తెచ్చుకుంటుంటే నా పిల్లల ప్లేస్ బయటోడికి ఇవ్వనని చాలాకాలం భీష్మించుకు కూర్చున్నాడు. 2025లో నాలుగో ర్యాంక్‌తో సీజన్ మొదలెట్టి 7-6తో ముగించాడు. తన వాళ్ల మీద ప్రేమ ఎక్కువై కొత్త మాట చెవికెక్కకపోతే అది కూడా యాటిట్యూడ్ సమస్యే. 2023లో ఒక అభిమాని రేడియో షోకి ఫోన్ చేసి ఇంత జీతం తీసుకుని ఇదేం ఆట అంటే ఐదు నిమిషాలు ఏకబిగిన వాయించాడు, తర్వాత ఐదు మ్యాచులూ గెలిచాడనుకోండి, అది వేరే సంగతి, కోపం ఒక నెలకి పనిచేస్తుంది.

ఇంక కర్ట్ సిగ్నెట్టి గురించి చెప్పకపోతే ఈ పోస్ట్ ఎవరూ చదవరు. సేబన్ అలబామాలో పెట్టుకున్న మొదటి స్టాఫ్‌లో రిసీవర్ల కోచ్, రిక్రూటింగ్ కోఆర్డినేటర్ ఈయనే, పైన చెప్పిన ఆ 2008 క్లాస్ వెనక ఈయన చెయ్యి ఉంది. అంత పెద్ద చోటు వదిలి, జీతం తగ్గించుకుని కింది స్థాయి డివిజన్ 2 కాలేజీకి హెడ్ కోచ్‌గా పోయాడు, అక్కణ్ణుంచి ఎలాన్, తర్వాత జేమ్స్ మ్యాడిసన్‌లో 52-9. 2023 చివర్లో ఇండియానాకి వచ్చాడు, అంతకుముందు సీజన్ వాళ్లది 3-9, చరిత్ర అంతా ఓటములే. కుర్రాళ్లని ఇక్కడికి రమ్మని ఎలా ఒప్పిస్తారు అని విలేకరి అడిగితే, నేను గెలుస్తాను, గూగుల్ చేసుకోండి అన్నాడు. వినడానికి ఎంత పొగరో! నేను కూడా అప్పుడు నవ్వాను. కానీ ఆ మాట కన్నా దాని వెనక జరిగింది చూడండి, జేమ్స్ మ్యాడిసన్ నుంచి ఇద్దరు కోఆర్డినేటర్లు ఆయనతో వచ్చారు, పదముగ్గురు ఆటగాళ్లు వచ్చారు. వీళ్లలో ఎవరికీ గూగుల్ అవసరం లేదు, వీళ్లు ఆయన కింద రోజూ పొద్దున్నే లేచి ప్రాక్టీస్ చేసినవాళ్లు. రోజూ చూసినోళ్లే బ్యాగులు సర్దుకుని ఓడిపోయే టీమ్‌కి వెంటొస్తే అంతకు మించి సర్టిఫికెట్ ఏముంది? మొదటి ఏడాది 11-2, ప్లేఆఫ్. 2025లో వాళ్ల లీగ్ అయిన బిగ్ టెన్ ఫైనల్లో ఒహాయో స్టేట్ మీద 13-10, కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి మారి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాకి హైస్మన్, నేషనల్ ఫైనల్లో మయామీ మీద 27-21, 16-0తో నేషనల్ ఛాంపియన్స్. ఐదు స్టార్ల వాళ్లని ఏరుకోలేదు, ఎక్కడో ఒకచోట నిజంగా ఆడి చూపించినోళ్లని ఏరుకున్నాడు.

డియాన్ శాండర్స్ పేరు కూడా ఎవరో ఒకరు కామెంట్లో తెస్తారు కాబట్టి ముందే చెప్తున్నా. కొలరాడోకి హెడ్ కోచ్‌గా రాగానే పాత ఆటగాళ్లతో పోర్టల్‌కి పొండి, నా సామాను నేను తెచ్చుకుంటున్నా అన్నాడు. డేవిస్ అన్నదీ అదే మాట కదా అంటారేమో. డేవిస్ ఆ మాట అన్నది తనతో ఒక సీజన్ చెమటోడ్చినవాళ్లతో, ఓటమి రాత్రి. ఈయన అన్నది పేర్లు కూడా తెలియనివాళ్లతో, మొదటి మీటింగ్‌లో. ట్రావిస్ హంటర్ లాంటివాడు ఆయన కోసం నంబర్ వన్ రిక్రూట్ అయ్యుండి కూడా జాక్సన్ స్టేట్‌కి, తర్వాత కొలరాడోకి వెంట నడిచాడు, హైస్మన్ గెలిచాడు, అది ఆయన గొప్పే, కాదనను. కానీ తనవాళ్లు తప్ప మిగతావాళ్లు సామాను అనే పద్ధతి నాకైతే మింగుడు పడలేదు.

అలాగని హెడ్ కోచ్ ఒక్కడే అంతా అనుకుంటే ఓల్ మిస్ చూడండి. 2025లో 11-1తో ప్లేఆఫ్ ముంగిట ఉన్న టీమ్‌ని వదిలేసి హెడ్ కోచ్ కిఫిన్ ఎల్‌ఎస్‌యూకి (లూయిజియానా స్టేట్) వెళ్లిపోయాడు. డిఫెన్స్ కోఆర్డినేటర్ పీట్ గోల్డింగ్‌ని హెడ్ కోచ్ చేశారు. ఆ టీమ్ కూలిపోవాలి న్యాయంగా, జార్జియాని కొట్టి సెమీఫైనల్ దాకా వెళ్లింది. టీవీలో కనిపించే మొహం వెళ్లిపోయినా మీటింగ్ రూంలో ఉండే మొహాలు మిగిలాయి మరి.

ఈ మధ్య మన తెలుగు కుటుంబాల్లో కూడా పిల్లలు హైస్కూల్లో కిక్కర్‌గానో, లైన్‌లోనో ఆడటం అక్కడక్కడా కనబడుతోంది, ఫుట్‌బాల్ కాకపోయినా టెన్నిస్, స్విమ్మింగ్, ట్రాక్ రిక్రూటింగ్‌కి వెళ్లేవాళ్లు బోలెడుమంది, వాళ్లకీ ఇదే తంతు. అఫీషియల్ విజిట్‌కి వెళ్తే రెండు రోజులు రాజభోగం చేస్తారు, స్టేక్ పెడతారు, జెర్సీ తొడిగి ఫోటోలు తీస్తారు. మన తల్లిదండ్రులు ర్యాంకింగ్, స్కాలర్‌షిప్ పర్సెంటేజ్ అడిగి ఊరుకుంటారు. మా పక్కింటాయన అలా ఊరుకోలేదు. హెడ్ కోచ్‌తో షేక్‌హ్యాండ్ అయ్యాక, మోకాలికి కట్టుతో సైడ్‌లైన్‌లో నిలబడ్డ ఒక కుర్రాడి దగ్గరికెళ్లి, దెబ్బ తగిలిన తర్వాత నీ పొజిషన్ కోచ్ నీతో చివరిసారి ఎప్పుడు మాట్లాడాడు నాయనా అని అడిగాడట. ఒకచోట కుర్రాడు కాసేపు ఆలోచించాడు. ఇంకోచోట, పొద్దున్నే టిఫిన్ దగ్గర అన్నాడు.